చంద్రుడి మీదుగా న్యూజిలాండ్‌కి

ఆ శుక్రవారం పొద్దున ఐవిండ్ స్టూలెక్కి వంటింటి గోడ గడియారం దించాడు. చేతి గడియారం చూసుకుంటూ పెద్ద ముల్లును రెండు నిమిషాలు వెనక్కి జరిపి, మళ్లీ మేకుకు తగిలించాడు.

"నా గడియారం జోలికెందుకు? రోనె ఊరెళ్లే బస్సు తప్పిపోతే నువ్వు మోసుకెళ్తావా?" అంది తోరా. బస్సు అందుకోవడానికని ముప్పై ఏళ్లుగా ఆమె దాన్ని రెండు నిమిషాలు ముందే నడిపిస్తోంది.

"సైకిల్ వెనక కూర్చోబెట్టుకుంటాలే."

కాఫీ తాగి, రై రొట్టె ముక్క నోట్లో పెట్టుకుని, పొగబెట్టిన హెర్రింగ్ చేపలు తెస్తానని రేవుకు వెళ్లాడు. చేపలు కొన్నాడు కూడా. తిరిగొస్తూ సైకిల్ స్టాండు దగ్గర కూలబడ్డాడు, మళ్లీ లేవలేదు. గుండె. డెబ్బై మూడేళ్లు. పొరుగింటి ప్రేబెన్ ఆ పొట్లం తెచ్చి తోరా చేతిలో పెట్టేటప్పటికి చేపల్లో ఇంకా వేడి ఉంది.

అయినా భర్తను తల్చుకుంటే తోరాకు ముందు గుర్తొచ్చేది ఆ పొద్దు కాదు. అంతకు ముందురోజు మధ్యాహ్నం.

ఐవిండ్ నలభై ఏళ్లు తమ ఊరు నెక్సో రేవులో పడవల ఇంజన్లు బాగుచేశాడు. రిటైరయ్యాక పెరట్లో బట్టలుతికే గదిని రేడియో గది చేసుకున్నాడు. అతని రేడియోలో మాటలుండవు. కంప్యూటర్ పదిహేను సెకన్లు కూస్తుంది, పదిహేను సెకన్లు చెవి ఒగ్గుతుంది. మనిషి చెవికి గాలి హోరు తప్ప ఏమీ అందనిచోట కూడా అందులోని ప్రోగ్రాం అవతలివాడి పేరు, ఊరు ఏరుకొస్తుంది. టార్చి బల్బుకు సరిపడే కరెంటుతో అర్జెంటీనాలో వినపడ్డ రోజున మనిషి భోజనానికి కూడా కూర్చోలేదు. పళ్లెం పట్టుకుని వంటింట్లో తిరుగుతూ తిన్నాడు.

"ఇంతకీ ఏం మాట్లాడుకుంటారు?" అని ప్రేబెన్ ఎగతాళి చేసేవాడు. "నీ పేరు ఇది, నా పేరు ఇది, వినపడ్డావు, ఉంటాను. మా ఆవిడా నేనూ రోజంతా కలిపి మాట్లాడుకునేది అంతే. దానికి ఇన్ని వైర్లు అక్కర్లేదయ్యా."

"మీ ఆవిడ న్యూజిలాండ్‌లో లేదు కదా," అనేవాడు ఐవిండ్.

న్యూజిలాండ్‌లో ఉన్నది మరీ అనే పేరుగల ఒక గొర్రెల రైతు. నాలుగేళ్లుగా ఐవిండ్ మనసంతా అతని మీదే. మామూలు దారిన కాదు, చంద్రుడికి తాకించి అతణ్ని అందుకోవాలి. ఇక్కణ్నుంచి పంపింది చంద్రుడికి కొట్టుకుని తిరిగి భూమికి చేరడానికి రెండున్నర సెకన్లు. చేరేసరికి మిగిలేది నలుసంత. పైగా భూమికి ఆ వైపున మరీ, ఈ వైపున ఇతనూ. ఇక్కడ సముద్రం మీద చంద్రుడు లేచేటప్పటికి అక్కడ దిగిపోతుంటాడు. ఇద్దరికీ ఒకేసారి కనపడేది నెలలో కొన్ని రోజులు, రోజుకు పావుగంట లోపు. నాలుగేళ్లలో ముప్పైసార్లు ప్రయత్నించారు. ముప్పైసార్లూ ఐవిండ్ దులుపుకుని లేచి, "ఈసారి కాస్త దగ్గరికొచ్చాం," అన్నాడు.

ఆ గురువారం గడువు మూడూ పది నుంచి మూడూ ఇరవై నాలుగు.

రెండున్నరకే ఇంట్లో హడావుడి మొదలైంది. మోటారు తిరిగిందా, బల్బు గుర్రుమందా, తెర మీద చెత్త పడుతుంది. తోరా ఫ్రిజ్ ప్లగ్గు పీకింది, కొత్త దీపం ఆర్పింది, ఫోన్ చార్జర్ లాగేసింది. ప్రేబెన్ గడ్డి కోసే మిషన్ ఆపేసి కంచె మీదికి వాలాడు.

"ఏంటయ్యా, ఇవాళ చంద్రుడికి గాలం వేస్తున్నావా?"

"వేస్తున్నా. పెద్దది పడితే తల నీకు."

చేప ముల్లులాంటి ఎనిమిది మీటర్ల యాంటెన్నాను ఐవిండ్ తాడుతో ఆగ్నేయానికి తిప్పాడు. సముద్రం మీద సగం చంద్రుడు పగటి వెలుగులో పాలిపోయి, ఉన్నాడా లేడా అన్నట్టు లేచాడు. తోరా రేడియో గదిలోకొచ్చి బకెట్ బోర్లించుకుని కూర్చుంది.

చంద్రుడి దారికి పదిహేను సెకన్లు చాలవు, నిమిషమేసి వంతులు: సరి నిమిషం వీళ్లది, బేసి నిమిషం మరీది. పదో నిమిషం ఐవిండ్ పంపాడు. పదకొండులో ఏమీ రాలేదు. పదమూడులో ఏమీ రాలేదు. పదిహేనులో తెర మీద వెంట్రుకంత గీత కనిపించి చెరిగింది.

"అదే," అన్నాడు ఐవిండ్.

"ఏది?"

"అదిగో, ఇప్పుడు లేదు."

పదిహేడో నిమిషం అయిపోగానే ఒక్క వరుస అక్షరాలు పడ్డాయి. మరీ పేరు, ఐవిండ్ పేరు, పక్కన ‘వినపడ్డావు’ అన్న గుర్తు. ఐవిండ్ చెయ్యి చాచి తోరా మోచెయ్యి పట్టుకున్నాడు. ఇరవై రెండేళ్ల వయసులో పడవ ఇంజన్ మొదటిసారి ఒక్కడే విప్పిన రోజున కూడా ఇలాగే పట్టుకున్నాడని ఆమెకు గుర్తొచ్చింది.

"ముందు కూర్చో, ముసలోడా."

"కూర్చునే ఉన్నాగా."

ఇక మిగిలింది రెండే మెట్లు. ‘నువ్వూ వినపడ్డావు’ అని ఇతను పంపాలి. ‘అందింది’ అని అతను జవాబివ్వాలి. అది తెర మీద పడితేనే లెక్క. పద్దెనిమిదిలో పంపాడు. పందొమ్మిదిలో ఆ రైతు పాత మాటే మళ్లీ పంపాడు, అంటే ఇతనిది ఇంకా అందలేదు.

తోరా ఇక అక్కడ కూర్చోలేకపోయింది. "నేను కేక్ సంగతి చూస్తా," అని లేచింది.

"ఇరవై నాలుగు దాటేదాకా ఏదీ ఆన్ చేయకు," అన్నాడు తెర మీంచి కళ్లు తిప్పకుండా.

"నాలుగేళ్లుగా చేశానా?"

వంటింట్లో ఆమె కేక్ పొరల మధ్య స్ట్రాబెర్రీలు పరిచింది. క్రీమ్ గిన్నెలో పోసి, కరెంటు బీటర్ చేత్తో పట్టుకుని, గోడ గడియారం కిందే నిలబడింది. ఈసారి జవాబు వచ్చేసి ఉంటుందని ఆమెకు గట్టిగా అనిపించింది. పెరట్లోంచి చప్పుడు లేదు. ముల్లు ఇరవై నాలుగు దాటి ఇరవై ఐదు మీదికొచ్చింది. ఆమె బీటర్ నొక్కింది. క్రీమ్ గిర్రున తిరిగి గట్టిపడింది. నవ్వుకుంటూ గిన్నె చంకన పెట్టుకుని పెరట్లోకి నడిచింది.

ఐవిండ్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"ఏమైంది?"

"ఆఖరిది పడలేదు. చంద్రుడు దిగిపోయాడు వాళ్లకి."

"మరి కంప్యూటర్లో ఒక ముక్క రాసి అడగరాదూ? నీది అందిందో లేదో చెప్తాడుగా."

"అడిగితే ఇంకేముంది? చంద్రుడి మీదుగా వచ్చిందే వచ్చినట్టు." గిన్నెలో వేలు ముంచి నాకాడు. "రేపు మళ్లీ లేస్తాడు. మొదట్నుంచి మొదలెడతాం. ఇవాళ పేరు వచ్చింది తోరా, పేరు. రేపు తప్పదు."

ముగ్గురూ పెరట్లోనే కేక్ తిన్నారు. ఐవిండ్ రెండు ముక్కలు తిన్నాడు. ప్రేబెన్‌కు ఆ వెంట్రుకంత గీత ఎలా ఉందో ఫోర్కుతో గాల్లో మూడుసార్లు గీసి చూపించాడు. "చేప జారిపోయిందని ఇంత సంబరపడేవాణ్ని నిన్నే చూశా," అన్నాడు ప్రేబెన్. "ఎర కొరికింది చూశాగా," అన్నాడు ఐవిండ్. పడుకోబోతూ కూడా అతని నోట్లో రేపటి టైమే.

రెండు వారాల తర్వాత మరీకి ఉత్తరం రాయాలని, అడ్రసు కోసం తోరా రేడియో గదిలో పుస్తకం తెరిచింది. పూర్తయిన కలయికలు సిరాతో, తప్పిపోయినవి పెన్సిల్‌తో రాయడం అతని అలవాటు. ఆ గురువారంది పెన్సిల్‌తో ఉంది.

‘3:23. తెరంతా చెత్త. బీటర్. వంటింటి గడియారం రెండు నిమిషాలు ముందుంది, పొద్దున్నే సరిచేయాలి. కేక్ బాగుంది.’