లిఫ్టులో విన్న డెమో

అమీర్‌పేటలో నేను పాఠం చెబితే ఎర్రగడ్డ దాకా వినిపించేదని చెప్పుకునేవాణ్ణి. అంత లేదు. కింద బస్టాపు దాకా వినిపించేది, అదీ కిటికీలు తెరిస్తే.

ఆ రోజుల్లో ఏ కంప్యూటర్ కోర్సుకైనా మొదటి క్లాసు ఉచితం. దాన్ని డెమో అనేవాళ్లం. ఎస్.ఆర్. నగర్ హాస్టళ్ల పిల్లలు గోడలకి ఆనుకుని నిలబడి వినేవాళ్లు. గొంతు నచ్చితే చేరతారు, లేకపోతే పక్క ఇన్‌స్టిట్యూట్ మెట్లెక్కుతారు.

అలాంటి గొంతు పక్కనే క్యాన్సర్ గడ్డ తేలింది. పంజాగుట్ట ఆసుపత్రిలో థైరాయిడ్ మొత్తం తీసేశారు. మా ఇన్‌స్టిట్యూట్ ఉన్న బిల్డింగు ఓనరుకీ అప్పుడే అదే జబ్బు. ఆయనది చిన్న గడ్డ, సగమే తీశారు. బల్కంపేట మనిషి, కుట్లు ఆరగానే సెల్లార్లో బండ్లవాళ్ల మీద కేకలు మొదలుపెట్టాడు. నాకేమో పరగడుపున మాత్ర, ఆపైన కాఫీ కోసం పడిగాపులు, కాల్షియం తగ్గితే వేళ్లలో చీమలు. వాటికి అలవాటు పడ్డాను. గొంతు మాత్రం పెంచబోతే గాలే వచ్చేది.

"జర సబర్ చెయ్యున్రి సార్. నాకు సగమున్నది, అండ్లకెల్లి సగం మీకిస్త," అనేవాడు ఓనరు.

మైకు ఉందిగా అన్న ధైర్యంతో మళ్లీ నా డెమో అని బోర్డు పెట్టించాను. ఆ సాయంత్రం లిఫ్టు ఎక్కగానే కరెంటు పోయింది. రెండో అంతస్తు దాటి ఆగిపోయింది. కేక వేశాను. నా చెవికే ఆనలేదు.

కరెంటు లేదు, మైకూ లేదు. పైన మా క్లాసులో పిల్లల గోల. అంతలో ఇన్‌స్టిట్యూట్‌లో నా భాగస్వామి గొంతు లేచింది. ఎప్పుడూ అడ్మిషన్లు చూసుకునే మెతక మనిషి.

"కంప్యూటరు కొత్తల్లుడి లాంటిది. మర్యాదలో ఒక్క చుక్క తగ్గినా అలిగి కూర్చుంటుంది!"

నా జోకే. నేను ఆగే చోటే ఆగాడు. నవ్వారు. ఎవరూ మెట్లు దిగిన చప్పుడు లేదు.

గంటన్నర ఇరుక్కుపోయానని తర్వాత అందరికీ చెప్పాను. పావుగంట ఉంటుందేమో. ఓనరు మోటారు చేత్తో తిప్పించి, రెండో అంతస్తులో తలుపు లాగాడు.

"బ్యాటరీ అలారం ఉన్నది గద సార్, ఒత్తలే?"

"పని చెయ్యట్లేదు," అన్నాను గాలితో.

ఆయన ఒత్తాడు. బిల్డింగంతా మోగింది.

నా వేలు ఆ పావుగంటా దాని మీదే ఉంది. ఒత్తితే తలుపు తీస్తారు. తీస్తే పైకెళ్లి మాట్లాడాలి.

ఓనరు నా మొహం చూశాడు. అంతటి గొంతునీ తగ్గించి, మెట్లవైపు తిరిగి అడిగాడు.

"మీదికా సార్, కిందికా?"

కిందికని వేలు చూపించాను.