ఫ్రెంచ్ సినిమాలో ఒక అబద్ధం

కరోనాకు ముందు సంవత్సరం. కరీంనగర్‌లో ఒక డీ-అడిక్షన్ సెంటర్‌లో, అంటే తాగుడు మాన్పించే చోట, నేను కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. తాగుడు ఒక్కసారిగా ఆగితే ఒళ్ళు వణుకుతుంది, చెమటలు పడతాయి, ఒక్కోసారి ఫిట్స్ వస్తాయి. దాన్ని విత్‌డ్రాయల్ అంటాం. డాక్టర్లు మందులతో అది తగ్గించాక నా వంతు. కూర్చోబెట్టి మాట్లాడించాలి.

సత్తయ్య మాట్లాడలేదు. నలభై ఏళ్ళుంటాయి. బస్టాండులో ఫిట్స్ వచ్చి పడిపోతే ఎవరో ఆసుపత్రిలో చేర్చారు, అక్కడినుంచి మా దగ్గరికి వచ్చాడు. సిరిసిల్లలో పవర్‌లూమ్ నడిపేవాణ్ణని చెప్పాడు. ఇంట్లో ఎవరున్నారని అడిగితే గోడవైపు తిరిగేవాడు. కేస్ షీట్‌లో కుటుంబం అన్న గడి పదకొండు రోజులు ఖాళీగానే ఉంది. తోడు లేకుండా పంపితే మళ్ళీ బస్టాండుకే చేరతాడని నా భయం.

ఆదివారం మధ్యాహ్నాలు వార్డులో సినిమా వేసేవాళ్ళం. ఆ వారం, కాలేజీలో పాఠాలు చెప్పే నా స్నేహితురాలు ఒక ఫ్రెంచ్ సినిమా ఇచ్చింది. "తాగేవాడి కథే. కానీ నీతులుండవు" అంది. సొంత దేశం నుంచి పారిపోయి వచ్చిన ఒకతను ఫ్రాన్స్‌లోని రేవు పట్టణంలో చేపలు ఏరే పనిలో చేరతాడు. కింద ఇంగ్లీషులో పడే మాటల్ని నేను తెలుగులో చెప్పాలి.

చెప్పడానికి మాటలుంటేగా! అరగంటసేపు అతను చేపలు కడుగుతాడు, కిటికీ దగ్గర నిలబడతాడు, వాన చూస్తాడు.

"గీయనకు నోరున్నదా మేడం?" అన్నాడు బెల్లంపల్లి గని కార్మికుడు రాజమల్లు. అందరూ నవ్వారు. సగంమంది కునుకుతున్నారు. ఆపేద్దామా అనుకున్నాను.

అప్పుడు తెరమీది మనిషి తల్లికి ఫోన్ చేశాడు. "మంచి గది దొరికింది, పని బాగుంది అంటున్నాడు" అని చెప్పాను.

"అబద్ధం జెప్తుండు." వెనక నుంచి సత్తయ్య గొంతు.

"నీకెట్ల ఎర్క?" అన్నాడు రాజమల్లు.

"రెండో చెయ్యి సూడు. వణుకు కనవడకుంట జేబుల వెట్టుకున్నడు. ఫోన్ వెట్టంగనె తాగనీకి పోతడు."

తర్వాతి సీనులో అతను నేరుగా బార్‌లోకి నడిచాడు. రాజమల్లు కుర్చీ తిప్పుకొని కూర్చున్నాడు. "ఇప్పుడేం జేస్తడే?" అని ప్రతి సీనుకూ సత్తయ్యనే అడిగాడు. సత్తయ్య చెబుతూ పోయాడు, చాలావరకు అతను చెప్పినట్టే జరిగింది. సినిమా చివర ఏమైందో నాకిప్పుడు గుర్తులేదు. నేను సత్తయ్య ముఖమే చూస్తూ కూర్చున్నాను.

అందరూ చాయ్‌కి లేచాక అతని పక్కకు వెళ్ళాను. "మీరెవరికి ఫోన్ చేసేవాళ్ళు?"

ఖాళీ తెర వైపు చూస్తూ, "నా భార్యకు" అన్నాడు.

మూడేళ్ళు మస్కట్‌లో పనిచేశాడట. తాగి పనికి పోతున్నాడని తిప్పి పంపించారు. కరీంనగర్ దాకా వచ్చి, సిరిసిల్ల బస్సు ఎక్కలేకపోయాడు. ఏడు నెలలుగా ఇల్లు గంట ప్రయాణం దూరంలో పెట్టుకొని, మస్కట్‌లో ఉన్నట్టే ఇంటర్నెట్ కాల్ చేసేవాడు.

"ఈడ ఎండలు మస్తున్నయని చెప్పేటోన్ని మేడం. గప్పుడు నేను వానల తడుస్తుంటి."

మర్నాడు పొద్దున నా గదిలోంచి ఫోన్ చేశాడు. ఒక్కడే వినే ధైర్యం లేదని స్పీకర్ పెట్టాడు.

"లావణ్యా, నేను మస్కట్ల లేను. కరీంనగర్ల ఉన్న."

అవతల ఆమె గొంతులో ఆశ్చర్యం లేదు.

"నాకెర్కే. మూడు నెలల సంది ఎర్కే. ఒకనాడు నువ్వు మాట్లాడుతుంటే ఎనుక మైకుల వేములవాడ బస్సని చెప్పిండ్రు."

"మరి అడగకపోతివి?"

"అడిగితే ఫోన్ జేసుడు గూడ బంద్ జేస్తవని."

సత్తయ్య బల్లమీద తల ఆనించి ఏడ్చాడు. మధ్యాహ్నానికల్లా లావణ్య వచ్చింది. అతన్ని ఒక్క మాట అనలేదు. నా ఎదురుగా కూర్చొని, "ఇంటికి తీస్కపోయినంక నేనేం జెయ్యాలె? ఏం జెయ్యొద్దు?" అని అడిగింది.

నాలుగు నెలలకు రిలాప్స్ అయింది, అంటే మళ్ళీ తాగాడు. ఈసారి మర్నాడే భార్యను వెంటబెట్టుకొని తానే వచ్చాడు. తర్వాత సాంచెల పనిలో, అంటే పాత పవర్‌లూమ్ పనిలోనే, కుదురుకున్నాడు.

అంతకుముందు నేను ఎన్నేళ్ళుగా తాగుతున్నారు, ఎంత తాగుతారు అని మొదలుపెట్టేదాన్ని. ఆ కేసు తర్వాత "ఇంట్లో ఏమని చెప్పారు?" అని అడగడం నేర్చుకున్నాను. ఇంటివాళ్ళు వచ్చినప్పుడు, వాళ్ళకేమీ తెలియదన్నట్టు మాట్లాడటం మానేశాను. ముందు వాళ్ళకేం తెలుసో వింటాను.