కోడలి పేరు తీసేశారు

మా కోడలు విజయనగరంలో ఒక కాలేజీ నెట్‌వర్క్ చూసేది. ఒక్కచోట తన పేరు ఉంటే చాలు, కాలేజీలోని నెట్‌వర్క్ పెట్టెలన్నిటిలోకీ లాగిన్ కావచ్చని చెప్పేది. పురుటి సెలవు అయ్యాక మొదటిరోజు, చంటిదాన్ని ఎత్తుకుని నేనూ వెంట వెళ్లాను. తన పేరు కొడితే ఒక్కదానిలోకీ వెళ్లనివ్వలేదు.

"సార్, నా పేరు తీసుకోవట్లేదండి."

ఆఫీసరు తలెత్తకుండానే, "కొత్త మనిషిని పెట్టుకున్నాం. నీ పేరు తీసేసాం కదమ్మా, ఎవరూ సెప్పలేదా?" అన్నాడు.

"ఇదేటి బాబూ! పసిగుడ్డుతో వచ్చినాం. ఒక్క ఫోనైనా సెయ్యనేకపోనారా?" అన్నాను.

ఆటోలో కోడలు నెమ్మదిగా అంది: "పిల్లకి పాలివ్వడానికి ఏ గది ఇస్తారో అడుగుదామనుకున్నానత్తా."

ముఖం చూసి చెప్పాల్సిన మాటను కంప్యూటరుతో చెప్పించినవాళ్లను నేను ఇప్పటికీ క్షమించలేదు.