పొటాషియం టర్బైన్ ఫైలుతో నేరేడ్‌మెట్ దాకా

మా థర్మల్ ప్లాంటులో అదే బొగ్గుతో ఇంకాస్త ఎక్కువ కరెంటు తీయవచ్చని ఆరు నెలలు కూర్చుని ఒక ప్రతిపాదన రాశాను. ముందు పొటాషియం లోహాన్ని మరిగించి, ఆ ఆవిరితో ఒక టర్బైన్ తిప్పాలి. ఆ ఆవిరి చల్లబడుతూ వదిలే వేడితో నీళ్లు మరిగించి, ఇప్పుడున్న టర్బైన్ నడపాలి. సోమవారం ఆఫీసులో ఇస్తే నమూనా ప్లాంటు కట్టే పని నాకే రావచ్చు, ఇరవై ఏళ్లుగా చేస్తున్న షిఫ్టు డ్యూటీ తప్పుతుంది. దాపరికం దేనికి, నాకు కావలసింది అదే. ఇచ్చేముందు నాకు పని నేర్పిన శామ్యూల్ గారికి చూపిద్దామని శనివారం బయలుదేరాను. రిటైరయ్యాక ఆయన నేరేడ్‌మెట్‌లో ఉంటున్నారు.

సికింద్రాబాద్‌లో రైలు దిగేసరికి పదిన్నర. చిలకలగూడ వైపు బయటికొచ్చి ఇడ్లీ తిని, నూట ఎనభై అడిగిన ఆటోను నూట యాభైకి ఒప్పించాను. నా ఉద్యోగం సంగతి తెలిశాక డ్రైవర్, "అయితే జెర మా గల్లీకి సుత కరెంటు మంచిగ పంపుండ్రి సార్, ఎండాకాలం మస్తు పరేషాన్ అయితున్నం" అన్నాడు. దానికి జవాబు నా సంచిలోనే ఉందని కాస్త గర్వపడ్డాను. అరగంటలో చేరాం.

శామ్యూల్ గారు ఏ ఫైలైనా వెనక నుంచి చదువుతారు. లెక్కలన్నీ ముందు పేజీల్లో ఉంటాయి, మనుషులు చేయాల్సిన పని చివర్లో ఉంటుందంటారు. మెయింటెనెన్స్ పేజీలో ఆయన వేలు ఆగింది. పొటాషియం వేడిని నీళ్లకు అందించే ట్యూబుల్లో ఏదైనా లీకైతే దానికి ప్లగ్గు కొట్టి నడపాలని అక్కడ రాశాను. ఆవిరి ప్లాంట్లలో కండెన్సర్ ట్యూబు కారడం మాకు పెద్ద విషయం కాదు, రెండు చివరలా మూసేసి మళ్లీ కరెంటు తీయడం మొదలుపెడతాం. ఆ అలవాటుకొద్దీ చేయి రాసేసింది.

"దీనికి ఒక పక్క పొటాషియం, ఇంకో పక్క నీళ్లు. మధ్య ఒకటే గోడ పెట్టావు. కారితే ప్లగ్గు కొట్టడానికి ఎవరు మిగులుతారయ్యా?" అన్నారు మెల్లగా.

పొటాషియానికి నీళ్లు తగిలితే మండిపోతుందని ఇంటర్‌లోనే చదివాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. రెండు గోడల ట్యూబు వేసి, మధ్య సందులో లీకు కనిపెట్టే ఏర్పాటు ఉండాలన్నారు. అప్పుడు వేడి దాటడం తగ్గుతుంది, నేను చూపిన లాభంలో కొంత పోతుంది. లెక్కలన్నీ మళ్లీ చేయాలి. ఆయన భార్య ఇచ్చిన టీ చల్లారాక తాగాను.

నాలుగున్నర రైలుకు తిరిగొస్తూ ఆలోచించాను. ఆ ప్లాంటు నడిచే నాటికి నేను ఆఫీసు గదిలో ఉండేవాణ్ణి, ఆ ట్యూబు పక్కన నా షిఫ్టు వాళ్లు నిలబడేవాళ్లు. ఇలాంటి పనిమీద పెద్దవాళ్ల దగ్గరికి వెళ్లేవారికి ఒక్క సలహా: ఫైలు ఫోన్‌లో కాకుండా కాగితాల మీద తీసుకెళ్లండి, రైల్లో దాన్ని చివరి పేజీ నుంచి మీరే ఒకసారి చదవండి. సోమవారం నేను ఫైలు ఇవ్వలేదు. మామూలుగా షిఫ్టుకు వెళ్లి, మావాళ్ల పక్కన నిలబడ్డాను.