మీకూ వచ్చింది కదండీ

దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే నవ్వేసి లేచిపోయే మనిషిని నేను. ముప్పై ఏళ్లు పిల్లలకి సామాన్యశాస్త్రం చెప్పాను. శ్మశానం పక్కదారిలోనే సైకిల్ మీద బడికి వెళ్లొచ్చేవాణ్ణి. ఇప్పుడు అడిగినా దయ్యాలు లేవనే చెప్తాను. అయినా ఇది రాస్తున్నాను.

కారణం మా అమ్మాయి. పోయిన నెల దానికి ఒక ఈమెయిల్ వచ్చింది. నీ కంప్యూటర్‌లోకి దూరాను, కెమెరాలోంచి నిన్ను చూశాను, నీ వీడియోలు నా దగ్గరున్నాయి, రెండు రోజుల్లో డబ్బు పంపకపోతే నీకు తెలిసినవాళ్లందరికీ పంపిస్తాను, ఎవరికీ చెప్పకు అని. పిల్ల రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. మూడో రోజు ఏడుస్తూ నాతో చెప్పింది.

"ఏ వీడియోనో, ఏ రోజుదో రాశాడా?" అని అడిగాను. లేదంది.

"అయితే వాడి దగ్గర ఏమీ లేదమ్మా. జవాబివ్వకు, పైసా పంపకు. పాస్‌వర్డ్ మార్చుకో. ఆ మెయిల్ తీసెయ్యకుండా పోలీసులకి చూపించు. అన్నిటికంటే ముందు నీ స్నేహితులకి చెప్పు" అన్నాను. చెప్పింది. వాళ్ల ఆఫీసులోనే ఇంకో ఇద్దరికి అదే మెయిల్ వచ్చిందట, అక్షరం పొల్లుపోకుండా.

"నీకు మెయిల్ పంపడమే రాదు కదా నాన్నా, ఇవన్నీ ఎలా తెలుసు?" అంది. దానికి సగమే చెప్పాను. మిగతా సగం కూడా ఇక్కడ రాసేస్తున్నాను.

ఎనభైల మధ్యలో సంగతి. ఆగిరిపల్లికీ నూజివీడుకీ మధ్య ఒక చిన్న ఊళ్లో పనిచేసేవాణ్ణి. బడి పంతులే ఊరి పోస్ట్‌మాస్టర్‌గా కూడా ఉండే రోజులు. మా ఇంటి వసారాలో ఒక బల్ల, ఒక తూకం, తేదీ ముద్ర. అదే పోస్టాఫీసు. నూజివీడు నుంచి సంచి పదకొండింటి బస్సులో వచ్చేది.

ఆ ఏడు ఉగాది వెళ్లిన వారంలో సంచిలో ఒకేలాంటి కవర్లు రావడం మొదలైంది. ఊదా సిరా, ఎడమకి వాలిన అక్షరాలు, పంపినవాళ్ల పేరు లేదు. నాలుగు రోజుల్లో మొత్తం తొమ్మిది కవర్లు. అందులో ఒకటి నాకు.

"నువ్వు చేసిన పని నాకు తెలుసు. కళ్లారా చూసినవాణ్ణి. నీ ఇంట్లో ఏం జరుగుతుందో కూడా చూస్తూనే ఉన్నాను. వచ్చే ఆదివారం మిట్టమధ్యాహ్నం లోపు మూడు వందలు గుడ్డలో కట్టి రోడ్డు మీద రెండో తూము కింద పెట్టు. లేకపోతే ఊరంతా చాటిస్తాను. ఎవరికైనా చెప్పావో, ఆ రోజే నీ పరువు పోతుంది." అంతే. సంతకం లేదు. ఆకాశరామన్న ఉత్తరం.

చదవగానే ఒకటి గుర్తొచ్చింది. అంతకు ముందేడు ఏడో తరగతి పేపర్లు దిద్దేటప్పుడు తెలిసినవాళ్ల పిల్లాడికి ఆరు మార్కులు కలిపాను. ఉత్తరంలో మార్కుల మాట లేదు. పేపర్ల మాట లేదు. ఆ ఖాళీలో నా తప్పు నేనే రాసుకుని చదువుకున్నాను.

ఒక పూట గడిచాక బుర్ర పనిచేసింది. నాకు తెలుసన్నవాడు ఏం తెలుసో ఎందుకు రాయలేదు? ఇంతమంది చేసిన ఇన్ని తప్పులు ఒకడే కళ్లారా ఎలా చూస్తాడు? ఇది వల విసరడమే అని అర్థమైంది. ఉత్తరం పొయ్యిలో పెట్టేశాను. మా ఆవిడకి కూడా చెప్పలేదు. డబ్బు పెట్టలేదు. ఏమీ జరగలేదు.

అక్కడితో ఆగిపోయాను. నేను చేసిన పాపం అదే.

నాగభూషణం మా ఊళ్లో మామిడి అంట్లు కట్టేవాడు. నలభై ఏళ్లుంటాయి. అతని చెయ్యి పడితే మొక్క చావదని పేరు. ముసునూరు నుంచి, బాపులపాడు నుంచి కూడా రైతులు వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. పెద్దగా చదువుకోలేదు, కూడబలుక్కుని చదివేవాడు. ఏ ఉత్తరం వచ్చినా మా వసారా మెట్టు మీద కూర్చుని నాతోనే చదివించుకునేవాడు.

ఊదా సిరా కవర్ అతనికి నా చేత్తోనే ఇచ్చాను. నాకంటే రెండు రోజుల తర్వాత వచ్చింది. కవర్ చింపాడు, మొదటి పంక్తి తనే కూడబలుక్కున్నాడు. పెదాలు కదలడం ఆగిపోయింది. మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"చదవమంటావా?" అన్నాను.

"అక్కర్లేదండీ మాష్టారూ. మా అక్కగారి దగ్గర్నుంచి" అన్నాడు. అతనికి అక్క లేదు.

అప్పుడు ఒక్క మాట అనాల్సింది. "నాకూ వచ్చిందయ్యా, తొమ్మిది మందికి వచ్చింది, పొయ్యిలో పడెయ్యి" అంటే సరిపోయేది. ఒకరి ఉత్తరం సంగతి ఇంకొకరితో మాట్లాడకూడదని పోస్టాఫీసు రూలుంది కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అసలు కారణం అది కాదు. "మీరేం చేశారండీ?" అని అతను అడుగుతాడేమోనని భయం.

ఆ ఆదివారం ఎండలో తూము వైపు నడిచి వెళ్తూ కనబడ్డాడు. చేతిలో చిన్న గుడ్డమూట. నేను కిటికీ లోంచి చూశాను. పిలవలేదు.

ఒకసారి పెట్టాక ఊరుకుంటాడా? మళ్లీ కవర్ వచ్చింది. మిగిలిన ఎనిమిది మందికీ రెండోసారి రాలేదు, అతనికే వచ్చింది. డబ్బు పెట్టినవాడు అతనొక్కడేనని అప్పుడే తెలిసిపోవాల్సింది నాకు. తర్వాత మూడోది. అవి కూడా నేనే ముద్ర కొట్టి ఇచ్చాను. మనిషి చిక్కిపోయాడు. ఈమధ్య కట్టిన అంట్లు ఎండిపోతున్నాయని అతని భార్య రత్తమ్మ మా ఆవిడతో అంది. "ఏంటో చెప్పడమ్మా, అడిగితే అరుస్తున్నాడు" అని కళ్లు తుడుచుకుందట. అది విని కూడా నేను ఊరుకున్నాను.

మే నెల వచ్చింది. బడికి సెలవులు, తోటల్లో కోతలు. ఆ రోజు సంచి వచ్చాక బల్ల దగ్గర కూర్చుని ఉత్తరాలకి ముద్రలు కొడుతున్నాను. గోడ గడియారంలో పన్నెండు కావడానికి పది నిమిషాలుంది. మా ఆవిడ లోపల పచ్చడి ముక్కలు తుడుస్తోంది. నాకు జ్వరం లేదు, నిద్రమత్తు లేదు.

తలెత్తితే నాగభూషణం మెట్టు మీద నిలబడి ఉన్నాడు. తెల్ల చొక్కా, పంచె. అంత ఎండలో వచ్చినా మొహాన చెమట లేదు. నెలన్నర తర్వాత మొదటిసారి నా కళ్లలోకి సూటిగా చూశాడు.

"మాష్టారూ, మీకూ వచ్చింది కదండీ" అన్నాడు.

"వచ్చింది" అన్నాను.

"పదమూడు మందికండీ. అందరం తలుపులేసుకుని కూర్చున్నాం." కోపంగా అనలేదు. ఎవరి గురించో జాలిపడుతున్నట్టు అన్నాడు.

"తొమ్మిదే కదా" అని నా నోటెంట వచ్చేసింది. మెట్టు దిగి తోటల వైపు వెళ్లాడు. "నాగభూషణం, ఆగు" అంటూ చెప్పులేసుకుని బయటికొచ్చేసరికి దారిలో ఎవరూ లేరు. తిన్నని దారి అది. రెండు వైపులా కంచె.

మా ఆవిడ బయటికొచ్చి, "ఎవరితోనండీ మాట్లాడుతున్నారు?" అంది. నా మాటలు మూడూ విందట. రెండో గొంతు వినలేదట.

రెండు గంటలకి ముసునూరు నుంచి సైకిల్ మీద ఒక మనిషి వచ్చాడు. నాగభూషణం పొద్దున్న తొమ్మిదింటికి అక్కడ బస్సు దిగి నడుస్తూ గుండె పట్టుకుని పడిపోయాడట. నూజివీడు ఆసుపత్రికి తీసుకెళ్తుంటే దారిలోనే ప్రాణం పోయిందట. పది కూడా కాలేదట అప్పటికి.

చొక్కా జేబులో మూడు ఉత్తరాలు ఉన్నాయి. రత్తమ్మ అవి తెచ్చి నా ముందు పెట్టి, "చదవండి మాష్టారూ" అంది. చదివాను. అప్పుడు ఆమె చెప్పింది. ఐదారేళ్ల క్రితం ముసునూరులో కృష్ణయ్య అనే రైతుకి చిన్నరసాలని చెప్పి నలభై అంట్లు ఇచ్చాడట. తీరా అవి చవకరకం కలెక్టర్ కాయవి. అంట్లకి కట్టిన గుర్తులు తారుమారయ్యాయి. ఇచ్చిన మర్నాడే తెలిసినా, పేరు పోతుందని నోరు విప్పలేదు. ఆ పొద్దున్న మాత్రం, "ఇవాళ ఆయనకి చెప్పేసొస్తానే" అని బయల్దేరాడట.

దహనం అయిన మర్నాడు టీ హోటల్ ముందు పదిమంది ఉండగా నేను నాగభూషణానికి వచ్చిన మొదటి ఉత్తరం పైకి చదివాను. ఇదే నాకూ వచ్చిందన్నాను. మార్కులు కలిపిన సంగతి కూడా చెప్పాను. ఎవరూ నవ్వలేదు. కాసేపటికి హోటలాయన లేచి లోపలికి వెళ్లి డబ్బాలోంచి తన కవర్ తెచ్చాడు. సాయంత్రానికి మా ఊళ్లో తొమ్మిది మందీ తేలారు. కబురు పాకి, పక్క ఊళ్లో ముగ్గురు బయటపడ్డారు. అన్నిట్లో అవే మాటలు. కాల్చేసినవి పోగా మిగిలినవన్నీ పట్టుకెళ్లి పోలీసులకి ఇచ్చాం. మనిషి దొరకలేదు. కానీ ఆ తర్వాత ఒక్క కవర్ కూడా రాలేదు.

పన్నెండే. నాకు ఊరట కలిగింది. పదమూడన్నది నా భ్రమ, ఎండ, చేసిన తప్పు మనసులో కుళ్లడం, అన్నీ కలిసి అలా కనబడ్డాయని తేల్చుకున్నాను.

పెద్దకర్మకి కృష్ణయ్యగారు వచ్చారు. భోజనాల తర్వాత పక్కకి పిలిచి అంట్ల సంగతి చెప్పాను.

"అదా అండీ? రెండో ఏడే తెలుసు నాకు. ఆకు నలిపి వాసన చూస్తే తెలీదా? కాయ బాగానే అమ్ముడుపోతోంది, పోనీలే పాపం అని ఊరుకున్నాను. ఒక్కసారి నవ్వుతూ అనేసినా బావుండేది" అన్నారు.

గొంతు తగ్గించి, "ఆ ఊదా సిరా ఉత్తరం నాకూ వచ్చిందండీ. మా ఇంట్లో కూడా తెలీదు. కాల్చేశాను" అన్నారు.

నేను వేళ్ల మీద మళ్లీ లెక్కపెట్టాను. పదమూడు.

పదమూడో ఉత్తరం సంగతి ఈ భూమ్మీద రాసినవాడికీ, కృష్ణయ్యగారికీ తప్ప ఎవరికీ తెలీదు. ఆయన దాన్ని నాగభూషణానికి చెప్పలేదు. చెప్పడానికి ఆ రోజు అతను ఆయన తోట దాకా చేరనేలేదు. ఎన్నిసార్లు లెక్క వేసినా నాకు దారి దొరకలేదు.

ఏడాది తర్వాత ఆ ఊరి నుంచి ట్రాన్స్‌ఫర్ అయ్యి వెళ్లిపోయే ముందు రత్తమ్మ దగ్గరికి వెళ్లి మొత్తం చెప్పాను. చేతులు జోడించాను. తిడుతుందనుకున్నాను.

ఆమె ఒక్కటే అడిగింది. "మీ మెట్టు మీద నిలబడ్డప్పుడు ఆయన మొహంలో భయం ఉందా అండీ?"

"లేదమ్మా. ఏ కోశానా లేదు" అన్నాను.

"నెలన్నర పాటు ఆ భయమే చూశానండీ నేను. పోయినప్పుడు కూడా నుదురు అలాగే ముడిపడి ఉంది. భయం లేని మొహం మీకు చూపించాడా" అంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఆ భయం లేని మొహం ఆమెకి దక్కాల్సింది. నా దగ్గరికి ఎందుకు వచ్చాడో నాకు ఈ రోజుకీ తెలీదు.