సిన్సియర్ అన్నారంటే

సర్కారు కట్టడాలు తనిఖీ చేసే ఢిల్లీ ఆఫీసులో చేరిన కొత్తలో, ‘సిన్సియర్’ అంటే నిజాయితీపరుడనే బసవపున్నయ్య అనుకున్నాడు. ఆ మాట అక్కడ ఎవరి మీద పడుతుందో, పడ్డాక ఏమవుతుందో త్యాగరాజును చూశాకే తెలిసింది.

డైరెక్టరు గారు ఒకరోజు నలుగురిలో త్యాగరాజు భుజం తట్టి, “వెరీ సిన్సియర్!” అన్నారు. ఆ సాయంత్రమే, ఎవరూ వెళ్లి చూడని గోదాము భేషుగ్గా ఉందన్న ఫైలు మీద అతనిచేత మొదటి సంతకం పెట్టించారు. వానలకు గోడ కూలింది. కిందివాడి సంతకం చూసి నమ్మామని పైవాళ్లంతా చేతులు దులుపుకున్నారు. త్యాగరాజు సస్పెండై, వైశాలి కాలనీలోని ఇంట్లో తలుపులేసుకుని కూర్చున్నాడు. ఫోను చేసినా ఎత్తడు. పాపం, పొగడ్తకు పొంగిపోవడమే అతను చేసిన నేరం.

అప్పటినుంచి ఎవరినైనా మెచ్చుకుంటున్నారంటే బసవపున్నయ్య మెల్లగా పక్కకు తప్పుకునేవాడు. రిటైరయ్యేలోగా ఆ మాట తనను తాకకపోతే చాలు, ఇందిరాపురం ఫ్లాటులో పెన్షనుతో ప్రశాంతంగా బతికేయవచ్చు.

సోమవారం గ్రేటర్ నోయిడా హాస్టలు భేషుగ్గా ఉందన్న ఫైలు సంతకానికి వచ్చింది. స్తంభాలు బీటలిచ్చాయని ఆఫీసంతా చెవులు కొరుక్కుంది గానీ, వెళ్లి చూసినవాళ్లు లేరు. డైరెక్టరు గారు బసవపున్నయ్యనూ, కొత్తగా చేరిన వాసవినీ పిలిపించారు. ఆయన చూపు వాసవి మీద ఆగింది.

“వాసవి ఈజ్ సో సిన్సియర్!”

ఆ పిల్ల ముఖం వెలిగిపోయింది. పెన్ను మూత తీసింది.

బసవపున్నయ్యకు త్యాగరాజు గుర్తొచ్చాడు. నోరు మూసుకుంటే తను గట్టెక్కినట్టే. కానీ ఈ పిల్ల గతేంటి? ఆ కప్పు కింద పడుకునే పిల్లల గతేంటి? ఉండబట్టలేకపోయాడు. డైరెక్టరుకు తెలుగు రాదన్న ధైర్యంతో, కాగితాలు సర్దుతున్నట్టు వంగి గొణిగాడు.

“అమ్మాయ్, సంతకం పెట్టమాక. చూడకుండా పెట్టావంటే మునిగిపోతావ్.”

వాసవి ఢిల్లీలో పుట్టి పెరిగిన పిల్ల. తెలుగు అర్థమవుతుంది, బదులు మాత్రం హిందీలోనే వస్తుంది. ఆ సంగతి బసవపున్నయ్యకు ఆ క్షణాన గుర్తు రాలేదు.

“క్యోం అంకుల్? సైన్ క్యోం నహీ కరూఁ?” ఎందుకు పెట్టకూడదో గదంతా వినబడేలా అడిగింది.

డైరెక్టరు గారు తలెత్తారు. ఆయన ముఖంలో కోపమన్నదే లేదు. అది చూసి బసవపున్నయ్య కాగితాలు వదిలేసి నిటారుగా నిలబడ్డాడు. ఆయన వాసవి ముందున్న ఫైలును తాపీగా లాగి, బసవపున్నయ్య వైపు తిప్పారు.

“పున్నయ్యజీ, ఆప్ హీ కర్ దీజియే. యూ ఆర్ మోస్ట్ సిన్సియర్.”

మీరే పెట్టేయండంటూ పెన్ను కూడా ఆయనే అందించారు.