వఠారమంతా తిన్న నా మందు

ఆ రోజుల్లో నాకు ఇంజక్షను సూదంటే ప్రాణం పోయేంత భయం. అలాంటి నాకు మొదటి కడుపుతో ఆరో నెలలో షుగరు కనిపించింది. అప్పుడు మేం పీణ్యలో, ఫ్యాక్టరీల వెనక, ఎనిమిది వాకిళ్ళ వఠారంలో అద్దెకుండేవాళ్ళం. రిపోర్టు చూసి డాక్టరమ్మ, "ఒంట్లో ఇన్సులిన్ ఉందమ్మా, ఒళ్ళే దాని మాట వినట్లేదు" అంది. (మా ఇంట్లో మా ఆయన పరిస్థితీ అదే కాబట్టి నాకు వెంటనే అర్థమైంది.) తిండి అదుపులో పెట్టమని, తిన్నాక నడవమని చెప్పి, రెండు వారాల్లో తగ్గకపోతే రోజూ ఇన్సులిన్ సూదే అంది. నేను బతిమాలితే, పేగులకు మంచి చేసే సూక్ష్మజీవుల క్యాప్సూళ్ళు రాసి, "వీటితో షుగరు తగ్గుతుందని గ్యారంటీ లేదు" అని కూడా అంది. ఆ చివరి మాట నా చెవికెక్కలేదు.

ఇంటికొచ్చి, అవి పెరుగులో ఉండేలాంటి జీవులేనని, బతికే ఉంటాయని మా అత్తకు గొప్పగా వివరించాను. మర్నాటికి డబ్బా ఖాళీ. అన్నీ విప్పి గోరువెచ్చని పాలలో తోడేసింది. "ఒగటి మింగితే ఒగ పూటకే. తోడేస్తే బిడ్డ పుట్టేదాకా వస్తాది. ఆమాత్రం తెలీదా నీకు?" అంది. తోడు అడిగినవాళ్ళకు లేదనడం ఆమె ఎరగదు. వారం తిరిగేసరికి ఎనిమిది ఇళ్ళలోనూ నా మందే. పంచేది మాత్రం నేను. అన్నం తిని చెయ్యి కడగ్గానే గిన్నె అందించి, "పోయి ఇచ్చిరాపో, అట్లే నిన్నటి గిన్నె తెచ్చుకో" అనేది. క్యాప్సూళ్ళు పోయాయని డాక్టరమ్మకు చెప్పే ధైర్యం లేక, సూదిని తలుచుకుని వణుకుతూ, అత్త పెట్టిన కొలత సంగటి, ఆకుకూర తిని, గిన్నెలు మోశాను.

రెండు వారాలకు కొత్త రిపోర్టు చూసి డాక్టరమ్మ, "బాగా తగ్గింది, సూది అక్కర్లేదు. క్యాప్సూళ్ళు వేసుకుంటున్నారా?" అంది. నేను నేల చూపులు చూశాను. అత్త మాత్రం తలెత్తి, "మా వఠారమంతా ఏసుకుంటాండారు తల్లీ" అని జరిగిందంతా చెప్పింది. డాక్టరమ్మ నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది. మందుతో ఇంకెప్పుడూ ఇలా చేయొద్దని గట్టిగానే చెప్పి, "ఇది తిండీ నడకా చేసిన పని" అంది.

"మరి నడిపిచ్చినోళ్ళు ఎవురు?" అంది అత్త.

ఆ రోజు ఆటో వద్దని, అంత కడుపేసుకుని, అత్త చెయ్యి పట్టుకుని, ఎలక్షన్ గెలిచినదానిలా ఇంటిదాకా నడిచాను. ఇప్పుడు రెండంతస్తులెక్కితే ఆయాసపడే నాకు, అలా నడిచిన అప్పటి నన్ను తలుచుకుంటే నవ్వొస్తుంది, కొంచెం అసూయ కూడా.